నోరు తడారిన గురువారం

దుంగల లారీ ఒకటి మలుపులో కారును రాసుకుంటూ దాటిపోయిన రోజు నుంచి మా పక్కింటి నెరిడాకు స్టీరింగు పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి. గుండె దడ, చెమటలు, చివర్లో ఏడుపు. మిగతా రోజులు ఆవిడను నా కారులో నేనే తిప్పేదాన్ని. గురువారం మాత్రం నాకు లైబ్రరీలో పని. ఆ రోజే మనవరాలు టిల్లీని బడి నుంచి తెచ్చుకోవడం ఆవిడ వంతు.

నెల చివరి గురువారానికల్లా బండి తీయకపోతే ఆ వంతు టిల్లీ నాయనమ్మ కోరలీకి ఇచ్చేస్తానని నెరిడా కూతురు చెప్పేసింది.

"కోరలీకా? పుట్టినరోజు నాడు పిల్లకి కీరా ముక్కలు పెట్టిన మనిషికా?" అంది నెరిడా.

ఫోన్లో డాక్టరును పట్టుకుని, భయం తగ్గడానికి మందుగా రాసిచ్చే గంజాయి నూనె అడిగింది. స్పీకర్లో నేనూ విన్నాను. "ఆందోళనకు ఇది పనిచేస్తుందని గట్టి రుజువు లేదండీ. కొందరికి దడ ఇంకా పెరుగుతుంది. మాట్లాడి భయం పోగొట్టేవాళ్ల దగ్గరికి వెళ్తే మేలు. అది వద్దంటే ఈ నూనె కొద్దిగా వేసుకుని చూద్దాం," అన్నాడాయన. నెరిడాకు చివరి మాటే వినిపించింది.

ఆదివారం మధ్యాహ్నం మొదటి చుక్కలు వేసుకుంది. గంట తర్వాత వరండాలోంచి పిలిచింది.

"రోస్లిన్, ఆ కోళ్లు నా గురించే మాట్లాడుకుంటున్నాయి."

"ఏమంటున్నాయి?"

"నేను కాల్చే స్కోన్ రొట్టెలు రాళ్లలా ఉంటాయట."

"కోళ్లకెలా తెలిసిందో!"

మర్నాడు సగం తగ్గించి వేసుకుంది. ఈసారి షెడ్డులో ఆగి ఉన్న కారులో కూర్చుని హాయిగా స్టీరింగు తిప్పుతోంది. "ఇప్పుడా లారీవాడు కనబడితే ముద్దు పెట్టుకుంటాను," అంది. గెలిచామనుకున్నాం. అప్పుడు సీసా మీది చీటీ చదివాను. ఇది వేసుకుని బండి నడపకూడదని ఉంది.

మందుల షాపు హ్యూని అడిగాం. "పోలీసులు దారిలో ఆపి ఉమ్మి పరీక్ష చేస్తారుగా! వేసుకున్న కొన్ని రోజులకి కూడా బయటపడొచ్చు. డాక్టరు రాసిచ్చాడన్నా మన రాష్ట్రంలో చెల్లదు," అన్నాడు.

"అంటే వేసుకుంటే భయం లేదు, బండి లేదు. మానేస్తే బండి ఉంది, భయమూ ఉంది," అంది నెరిడా.

"అంతే."

"మరి దేనికయ్యా ఈ మందు?"

"ఇంట్లో కూర్చోడానికి," అన్నాడు హ్యూ.

నెరిడా సీసా అతనికే తిరిగిచ్చేసింది. మూడు వారాలు ఆగింది. చివరి గురువారం నేను సెలవు పెట్టి పక్కన కూర్చున్నాను. నలభైలో పాకుతూ, వణుకుతూ, కారును వంతెన దాటించింది. దాటగానే పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు. చూస్తే డార్సీ. బడి క్యాంటీన్లో నెరిడా చేతి తిండి తిని పెరిగినవాడు.

"నాలుక మీద ఈ పుల్ల రాయండి, మిసెస్ టల్లక్."

రాసింది. భయంతో నోరు పిడచకట్టుకుపోయి ఉంది. పుల్లకి తడే అంటలేదు. డార్సీ మొహం మారింది.

"నోరు ఎండింది, చేతులు వణుకుతున్నాయి... ఏమైనా తీసుకున్నారా?"

"తీసుకోకపోవడం వల్లేరా ఇలా ఉన్నాను!"

"పోనీ, నిమ్మకాయ తలుచుకోండి."

రాలేదు.

"వెనిగర్ పోసిన చిప్స్?"

రాలేదు. బడి వదిలే టైమైపోయింది. ఇక లాభం లేదని నేనే అందుకున్నాను. "కోరలీ చేసే పావ్లోవా కేకు. పైన ప్యాషన్‌ఫ్రూటు గుజ్జు, కింద చేతిమందం మీగడ."

నెరిడా నన్ను చంపేసేలా చూసింది. కానీ పుల్ల తడిసింది.

"ఫలితానికి కాసేపు ఆగాలండి."

"ఆరేళ్లు నువ్వు తినే మాంసం రొట్టె మీద అడక్కుండానే సాసు పోశాను. నేనెప్పుడైనా నిన్ను ఆగమన్నానా?"

ఏమీ లేదని తేలగానే బండి దూకించింది. దారి పొడుగునా డార్సీని తిడుతూనే ఉంది. చేతులు వణుకుతూనే ఉన్నాయి, కానీ బండి అరవైలో పోతోంది.

మేం రాలేదని బడివాళ్లు పిలిచినట్టున్నారు, గేటు దగ్గర టిల్లీ చెయ్యి పట్టుకుని కోరలీ నిలబడి ఉంది.

"ఎందుకే అమ్మమ్మా ఇంత లేటు?" అంది టిల్లీ.

"ఉమ్మి రాలేదు," అంటూ నెరిడా కోరలీ చేతిలోంచి పిల్ల సంచీ లాక్కుని కారు తలుపు తీసింది.