ఆగితే ఆగిపోయే కారు

బస్టాండులో మైకు పట్టుకుని ఏ బస్సు ఎక్కడికి పోతుందో చెప్పడం ఆయన ఉద్యోగం. పొద్దస్తమానం వెళ్ళిపోయేవాళ్ళతోనే మాట్లాడతాడు. తోటి ఉద్యోగులు మైకాసురుడని పేరు పెట్టారు. భార్యది ఆసుపత్రిలో చెవుల పరీక్షలు చేసే ఉద్యోగం. ఊరివాళ్ళ చెవులకు తను చిల్లులు పొడిచి పంపితే, ఆ చిల్లులు ఆవిడ కొలిచి చీటీ రాసిస్తుందని, ఏ సంసారమైనా ఇంత కలసికట్టుగా ఉండదని ఆయనే నలుగురికీ చెప్పి నవ్వేవాడు.

ఆవిడ వెళ్ళిపోయి ఒక వానాకాలం గడిచింది. ఆసుపత్రి వెనక గది తీసుకుని ఉంటోంది. ఆయనకు మిగిలింది ఇంటి పక్క రేకుల షెడ్డు, అందులో పాత కారు. అదైనా ఆవిడదే, వాళ్ళ నాన్న నడిపింది. ఉన్నది ఒకటే కారు, ఇప్పుడు తామిద్దరూ ఒకరికొకరు ఏమీ కారు. ఈ మాట తట్టిన రోజు ఆయన పకపకా నవ్వి, చెప్పడానికి మనిషి లేక కారుకే చెప్పాడు. కారు దగ్గి ఆగిపోయింది.

దాని జబ్బే అది. పరిగెత్తిస్తే పరిగెడుతుంది. యాక్సిలరేటరు మీంచి కాలు తీసి ఒకచోట నిలబెడితే మాత్రం ఇంజను తూలుతుంది, సైలెన్సర్లో టప్పు టప్పుమంటుంది, ఊపిరి చాలనట్టు ఎగిరెగిరి పడి చల్లబడుతుంది. సైలెన్సరుకు చప్పుడూ, ఇంటికి సైలెన్సూ వచ్చాయని ఆయన అనుకున్నాడు. ఆ మాట కూడా షెడ్డు దాటలేదు.

ఆదివారం పొద్దున బావమరిది వచ్చాడు. ఆవిడ తమ్ముడు, సొంతంగా మెకానిక్ షెడ్డు పెట్టుకున్నవాడు. చేతిలో పనిముట్ల సంచి ఉంది.

“అక్క కారు తెమ్మంది బావా.”

“ఇప్పుడేనా?”

“సిగ్నల్ దగ్గర ఆగిపోకుండా నిలబడితే తెమ్మంది. నిలబడకపోతే నీ దగ్గరే ఉండనిమ్మంది. నడిరోడ్డు మీద తోసుకునే ఓపిక లేదట.”

అంటే జబ్బు నయమైతే కారు ఈ పూటే పోతుంది. ఆవిడ తాలూకు వస్తువు ఇంట్లో ఇంకొకటి లేదు. జబ్బు కుదరాలని కోరుకోవాలో, ముదరాలని కోరుకోవాలో తేలక, ఆయన టీ పెడతానన్నాడు. లోపలికి వెళ్ళి చూస్తే పాలు లేవు. ఒక్కడికే గదా అని తెచ్చుకోవడం మానేసి చాలా రోజులైంది.

తిరిగొచ్చేసరికి బావమరిది ఇంజను స్టార్టు చేసి, చోక్ సగం లాగి పట్టుకున్నాడు. అంతసేపూ తూలిన ఇంజను కుదురుగా తిరిగింది. చోక్ వదిలాడు. మళ్ళీ తూలింది.

“చూశావా? చోక్ వేస్తే గాలి తగ్గింది, కుదురుకుంది. అంటే దీనికి గాలి ఎక్కువ, సరుకు తక్కువ.”

“నా గురించేనా?”

“నీ గురించి అక్క చెప్తుంది. నేను కారు గురించి చెప్తున్నా. దీన్ని లీన్ అంటారు.”

“లీనమైపోయిందన్నమాట. దేంట్లో?”

“గాల్లో. సరేగానీ, మిక్చర్ స్క్రూ ఎంత విప్పావు? ఊడి చేతికొచ్చేట్టుంది.”

“విప్పుతూనే ఉన్నా. ఎక్కడ ఆపాలో చెప్పేవాళ్ళు లేరు.”

ఇది ఒక్కటి ఆయన వేళాకోళానికి అన్నది కాదు. పెట్రోలూ గాలీ పాళ్ళు కలిపే ఆ స్క్రూను తిప్పే చెయ్యి ఆయనది, వినే చెవి ఆవిడది. ఆయన కొద్దికొద్దిగా విప్పుతుంటే, వంటింటి కిటికీలోంచి ఆవిడ వింటూ ఉండేది. చప్పుడు నున్నగా అయిన క్షణాన “చాలు” అనేది. ఆయన చెయ్యి తీసేసేవాడు. చుట్టాల మధ్య ఆయన వరసగా మాటలు విరిచి నవ్విస్తున్నప్పుడూ అదే మాట, అదే గొంతు. “చాలు.” అప్పుడు మాత్రం ఆయన ఆపేవాడు కాదు.

చివరిసారి కూడా కిటికీలోంచి “చాలు” అని వినిపించింది. ఆయన స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ఇంజను వింటూ కాసేపు మురిసిపోయాడు. లోపలికి వెళ్ళేసరికి ఆవిడ మంచం మీద పెట్టె తెరిచి చీరలు సర్దుతోంది. ఏ చాలో ఆయనకు అప్పుడు తెలిసింది.

బావమరిది సంచిలోంచి కార్బరేటర్ కడిగే స్ప్రే డబ్బా తీశాడు. ఇంజను తిరుగుతుండగా ఒక్కో అతుకు దగ్గరా చిటికెడంత కొట్టి విన్నాడు. రబ్బరు గొట్టం దగ్గర ఏమీ లేదు. ఇంకో అతుకు దగ్గరా లేదు. కార్బరేటర్ అడుగున కొట్టగానే ఇంజను ఆకలి తీరినట్టు గబుక్కున వేగం పుంజుకుంది.

“దొరికింది. కింద అతుకు మధ్య ప్యాకింగ్ పోయింది. ఆ సందులోంచి గాలి లాగేస్తోంది, ఇప్పుడు స్ప్రేనీ లాక్కుంది. నువ్వు స్క్రూ ఎంత తిప్పినా లాభం లేదు.”

ఇంజను ఆపి, చల్లారాక కార్బరేటర్ ఎత్తాడు. కింద ఉండాల్సిన ప్యాకింగ్ బదులు, ఎండి ముడుచుకుపోయిన అట్టముక్క వచ్చింది. దాని మీద ఆడవాళ్ళ చెప్పు బొమ్మ సగం కనిపిస్తోంది.

“ఇదేంటి బావా?”

“మీ అక్క చెప్పుల పెట్టె. తను వెళ్ళాక ఊరికే కూర్చోలేక కార్బరేటర్ విప్పాను. అసలుది చిరిగింది. తన ప్యాకింగ్ తను చేసుకుని వెళ్ళింది, నా ప్యాకింగ్ నేను చేసుకున్నా.”

“నవ్వు రావట్లేదు బావా. బాగున్నదాన్ని ఎందుకు విప్పావు?”

“బాగానే ఉంది. బాగున్నప్పుడు ఏం చెయ్యాలో తెలియలేదు.”

బావమరిది సంచిలోంచి ప్యాకింగ్ కోసే షీటు తీసి, దాని మీద కార్బరేటర్ అడుగు ఆనించి గీత గీశాడు. ఆ షీటు, కత్తెర ఆయన చేతికిచ్చి, “గీత గీశాను, కత్తిరించు. మరలు కడుక్కొస్తా,” అని కుళాయి దగ్గరికి వెళ్ళాడు.

షెడ్డులో ఆయనా, కత్తెరా మిగిలారు. కత్తెర రవ్వంత లోపలికి పోతే మళ్ళీ సందు, మళ్ళీ గాలి. కారు ఇక్కడే ఉండిపోతుంది. ఆయన కత్తెర తెరిచి అలాగే పట్టుకున్నాడు. సిగ్నల్ దగ్గర, వెనక హారన్లు మోగుతుంటే, ఆవిడ ఒక్కతే దిగి కారు తోస్తున్నట్టు కళ్ళకు కట్టింది. గీత వెంట కత్తిరించాడు. బోల్టు రంధ్రాలు గోటితో సాఫు చేశాడు.

అన్నీ బిగించి, ఊడేట్టున్న మిక్చర్ స్క్రూ కూడా దాదాపు చివరిదాకా బిగించి స్టార్టు చేశారు. ఆయన స్క్రూడ్రైవర్ పెట్టి మెల్లగా తిప్పాడు. తిప్పుతూ, అలవాటు కొద్దీ వంటింటి కిటికీ వైపు చూశాడు. బావమరిది ఆ చూపు చూసి ఫోను తీసి కలిపాడు.

“అక్కా, ఒక్క నిమిషం. విని చెప్పు.”

ఫోను ఇంజను మీదకు చాపాడు. ఆయన ఇంకొంచెం విప్పాడు. తూలుడు తగ్గింది. ఇంకొంచెం. చప్పుడు నున్నబడింది.

“చాలు,” అంది ఫోను.

ఆయన చెయ్యి తీసేశాడు. ఎవరికి చాలు, కారుకా నీకా అనే ప్రశ్న నాలుక చివరకొచ్చింది. విరిస్తే రెండుగా విరిగే మాట, నలుగురిలో అయితే బాగా పేలేది. ఆయన దాన్ని మింగేసి, ఆవిడ ఇంకేమైనా అంటుందేమోనని ఫోను వైపు వంగి నిలబడ్డాడు. ఇంజను ఒక్కటే మాట్లాడుతోంది.

“పెట్టేసింది బావా,” అన్నాడు బావమరిది మెల్లగా. “నిన్ను మాట్లాడనివ్వకూడదని కాదు, డ్యూటీలో ఉంది.”

“నేను మాట్లాడలేదురా.”

“అదే, నాకూ ఆశ్చర్యంగా ఉంది.”

బావమరిది ఎక్కి కారును షెడ్డులోంచి వెనక్కి తీశాడు. ఆయన గేటు తీసి పట్టుకున్నాడు. వీధి మలుపులో చెత్త బండి అడ్డం వస్తే కారు ఆగింది. ఆయన ఊపిరి బిగబట్టి విన్నాడు. ఒక్క టప్పు అయినా వినబడలేదు. ఆగింది గానీ ఆగిపోలేదు.

చెత్త బండి పక్కకు తప్పుకుంది.