కుక్కర్లో ఉడికిన అయస్కాంతాలు

మా బావకు క్రిప్టో పిచ్చి పట్టిన నాడే అక్క కుట్టుమిషను అటకెక్కింది. అక్క బట్టలు కుట్టే ముందుగదిలో ఆయన తొమ్మిది యంత్రాలు బిగించాడు. అవి కంటికి కనబడని నాణేలు తవ్వుతాయట. మాకు తెలిసింది మాత్రం వాటి ఫ్యాన్ల రొదే.

"గది ఎప్పుడిస్తారు?" అని అక్క అడిగినప్పుడల్లా బావది ఒకటే జవాబు. "యంత్రాలు ఆగిన రోజున నీదే."

ఆగవని ఆయన ధీమా. మోటార్లు చుట్టే మరదల్ని నేను పక్క వీధిలోనే ఉన్నాను మరి. నా చేతికొచ్చిన ఫ్యాను తిరక్కుండా వెనక్కి పోయింది లేదు.

ఈ వేసవిలో ఆ ఫ్యాన్లు తొమ్మిదీ వరసగా పడకేశాయి. అవి తిరక్కపోతే యంత్రాలు వేడెక్కి ఆగిపోతాయి. లోపలి అయస్కాంతపు పలకలు బీటలిచ్చాయి. వాటిని రేర్ ఎర్త్ అనే అరుదైన ఖనిజాలతో చేస్తారు. ఆ ఖనిజాలను శుద్ధి చేసి అమ్మేది ప్రపంచంలో ఏ కొద్దిమందో. వాళ్ళు ఎగుమతి బిగబట్టారని, కొత్త ఫ్యాన్లు కూడా రావడం లేదని మా మోటారు సామాన్ల కొట్టాయన చేతులెత్తేశాడు.

"చూశావా మరదలా," అన్నాడు బావ పేపరు ఊపుతూ. "సరఫరా అంతా ఒకళ్ళ గుప్పిట్లో పెడితే ఇంతే. నాలుగు దారులుండాలి."

"మీకున్న దారి నేనొక్కదాన్నేగా బావా," అన్నాను.

నా షాపు మూలనున్న పాత ఫ్యాన్ల గుట్టలోంచి ముప్పై ఆరు మంచి పలకలు ఏరాను, ఫ్యానుకు నాలుగు చొప్పున. నిండా జిగురూ జిడ్డూ.

"నేను కడిగి పెడతాలే," అని అక్క డబ్బా అందుకుంది. ఆ యంత్రాల పేరెత్తితేనే మూతి ముడుచుకునే మనిషి. అప్పుడే నాకు అనుమానం రావాలి. రాకపోగా పాఠం కూడా చెప్పాను.

"గోరువెచ్చని నీళ్ళు చాలక్కా. బాగా వేడి తగిలిందంటే వీటి పట్టు పోతుంది, మళ్ళీ రాదు."

"సరేలేవే," అంది.

మర్నాడు పలకలు తళతళలాడుతూ వచ్చాయి. ఒకదానికి ఇనపస్క్రూ తాకించాను. మొహమాటానికన్నట్టు అంటుకుని జారిపోయింది. అన్నిటిదీ అదే వరస.

"ఎలా కడిగావు?"

"జిడ్డు వదల్లేదే. కుక్కర్లో పెట్టాను."

"ఎన్ని విజిల్సు?"

"ఎనిమిది."

ఎంత ముదురు గింజలకైనా అక్క నాలుగు దాటనివ్వదు. నాకు ఒళ్ళు మండింది. ఇంతలో బావ వచ్చి ఏమైందన్నాడు. అక్క నా వంక చూసింది. నేను పని నేర్చుకున్న రెండేళ్ళూ నాకు తిండి పెట్టింది ఆ అటక మీది మిషనే. అది గుర్తొచ్చి డబ్బాకు మూత పెట్టేశాను.

"వీటికి పట్టు లేదు బావా. నావల్ల కాదు," అన్నాను. ఆ మాట అనడం నాకదే మొదలు.

"నేను ముందే చెప్పలా? అంతా దేశాల కుట్ర," అని బావ పేపరు మడిచాడు. మాట తప్పే మనిషి కాదు. వారం తిరక్కుండా గది ఖాళీ చేశాడు. మిషను కూడా తనే దించాడు.

మొన్న కొలతలివ్వడానికి ఆ గదికి వెళ్ళాను. అక్క మిషను పక్కన సాసరులో గుండుసూదులన్నీ ఒక చిన్న పలకను ముద్దగా కరుచుకుని ఉన్నాయి. లాగితే రాలేదు. కుక్కర్లోంచి తిరిగొచ్చినవి ముప్పై అయిదే అయ్యుంటాయని అప్పుడు తట్టింది.

"ఇదొక్కటీ ఉడకలేదేమక్కా?"

అక్క తలెత్తకుండా సూదిలోకి దారం ఎక్కించింది.

"పనికొచ్చేదాన్ని ఎవరైనా ఉడకబెడతారుటే?"