గుమ్మం ముందు చెప్పులు

పోతయ్య వంగి సార్ చెప్పులు అందుకున్నాడు. వాటిని బీరువాలో చాక్‌పీసు డబ్బాల వెనక పెట్టి తలుపు మూశాడు. మోకాలు కలుక్కుమంది. స్టూలు మీద కూర్చుని దాన్ని రుద్దుకుంటూ లోపలి గదిలో ఫ్యాను తిరగడం విన్నాడు.

కొత్తగూడెం చివర రేకుల కప్పు కింద నడిచే పీజీ కాలేజీలో అతను అటెండరు. యాభై ఏడేళ్లు వచ్చాయి. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుంటాడు, నోట్లో నాలుక లేని మనిషి. రామకృష్ణ సార్ గదిలో రాములవారి పటం ఉంది, అందుకని సార్ చెప్పులు బయటే విడుస్తాడు. అవి గుమ్మం ముందుంటే సార్ ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. తలుపు తట్టే ధైర్యం ఏ విద్యార్థికీ లేదు. ఎవరినీ చూడబుద్ధి కానప్పుడు సార్ "పోతయ్యా, చెప్పులు" అనేవాడు. ఈ మధ్య అనడం కూడా మానేశాడు. సార్ లోపలికి వెళ్లగానే పోతయ్య చేతులు ఆ పని చేసేస్తున్నాయి.

దాచింది ఎక్కువగా భవాని కంట పడకూడదనే. పర్ణశాల అవతల కోయగూడెం పిల్ల. పోతయ్యదీ కోయజాతే కాబట్టి మొదటిరోజే "నీది ఏ గట్టు?" అని వంశం అడిగి, అతనిది మూడో గట్టు, తనది దానితో వియ్యమందే ఐదో గట్టు అని తేల్చుకుని, "అయితే మామవే" అంది. అప్పట్నుంచీ వచ్చినప్పుడల్లా ఒకటే మాట. "మామా, సార్ వచ్చిండా?"

"రాలే బిడ్డా."

బీడీ ఆకు కోసే ఆడవాళ్ల మీద ఆమె రాసిన పరిశోధన ఎనిమిది నెలలుగా సార్ బల్ల మీద పడి ఉంది. సార్ చెడ్డవాడేం కాదు. మొదట బద్ధకించాడు, తర్వాత చదవలేదని చెప్పుకోలేక సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గును కాపలా కాసింది మాత్రం పోతయ్య. మామా అని పిలిచిన నోటికి అబద్ధం చెప్పి ఇంటికెళ్లిన ప్రతిసారీ అతనికి అన్నం సయించేది కాదు.

ఆవేళ ఏప్రిల్ ముప్పై, రెండువేల ఏడు. సాయంత్రం ఐదులోగా సార్ సంతకంతో కాపీలు ఇచ్చి రిజిస్టర్లో ఆమె సంతకం చెయ్యకపోతే ఈ ఏడు పట్టా లేదు. పట్టా లేకపోతే జూన్‌లో ఆశ్రమ పాఠశాల ఉద్యోగం లేదు.

మంచినీళ్ల గ్లాసుతో లోపలికి వెళితే సార్ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"భవాని వస్తే లోపలికి పంపు పోతయ్యా. రాత్రంత కూసొని చదివిన. మంచిగ రాసింది పిల్ల. రెండు మాటలడిగి సంతకం పెడత."

"అట్లనే సార్."

పోతయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో బయటికొచ్చి కూర్చున్నాడు తప్ప బీరువా గుర్తుకు రాలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఈ పూజారి ఇవ్వననలేదు, మరిచిపోయాడు. అంతలో ప్రిన్సిపాల్ పిలిచి పరీక్ష పేపర్ల కట్టలు రిజిస్టర్ పోస్టు చేసి రమ్మన్నాడు. భవాని వచ్చే భద్రాచలం బస్సు పన్నెండుకు గాని రాదు, ఈలోపే వచ్చేయొచ్చు అనుకున్నాడు. పోస్టాఫీసులో వరస కదల్లేదు. తిరిగొచ్చేసరికి రెండయింది.

స్టూలు మీద మోదుగాకు దొప్ప, దాని నిండా తునికిపండ్లు.

"భవాని వచ్చిపోయింది పోతయ్యా" అంది టైపు మిషను ముందు నుంచి షాకేరా. "గంట సేపు నిలబడ్డది, ఆ గుమ్మం దిక్కే చూసుకుంట. చెప్పుల్లేవు గద. నేను మధ్యాహ్నం డ్యూటీకి వచ్చిన, సార్ సంగతి నాకేం ఎరక? ఇగ రానక్కా, రేపటికెల్లి బీడీ ఆకు కల్లంల కట్టలు కడత అన్నది. గవి నీకే పెట్టింది."

మోకాలి సంగతి మరిచి బస్టాండుకు పరుగెత్తాడు. బస్సు వెళ్లిపోయి అరగంటయిందని కంట్రోలర్ చెప్పాడు. ఆ గూడేనికి ఫోను లేదు.

వెనక్కి వచ్చి సార్ గది ముందు నిలబడ్డాడు. నావల్లే తప్పయింది సార్ అని నాలుగు మాటలు చెబితే చాలు. తలుపు మీద చెయ్యి వేశాడు, తీశాడు. మూడయింది, నాలుగయింది. ఉద్యోగంలో ఒక్క మాట పడని మనిషినన్న పేరు ఒకటి ఉంది కదా, అది అడ్డమొచ్చింది. దిక్కుమాలిన పేరు.

ఐదింటికి సార్ బయటికొచ్చాడు. "ఏంది, పిల్ల రాలేదా?"

"రాలేదు సార్."

నోరు అలవాటుగా అనేసింది.

"చూసినవా, వాళ్లకే పట్టింపు లేదు. వచ్చుంటే ప్రిన్సిపాల్‌తోని చెప్పి ఒక రోజు గడువన్న ఇప్పిద్దును." సార్ నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పులో కాస్త తేలిక కూడా ఉంది. "చెప్పులు తే."

పోతయ్య చెప్పులు తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు. ఇప్పుడైనా చెప్పొచ్చు. సార్ చెప్పులేసుకుని మెట్లు దిగాడు, స్కూటరు గేటు దాటింది.

షాకేరా కూడా వెళ్లిపోయింది. కిటికీలు మూసి, ఫ్యాన్లు ఆపి, తాళం చేతిలో పట్టుకుని అతను స్టూలు దగ్గరికొచ్చాడు. ఒక పండు చేతిలోకి తీసుకున్నాడు. బాగా మాగింది. నోటి దాకా తీసుకెళ్లి మళ్లీ పెట్టేశాడు. ఇంటికి తీసుకెళితే ఎవరిచ్చారని భార్య అడుగుతుంది. కోడలుపిల్ల అని చెప్పాలి.

వరండా తలుపుకు తాళం వేశాడు. లోపల స్టూలు మీద, అడవి పుల్లతో కుట్టిన మోదుగాకు దొప్పలో తునికిపండ్లు ఒక్కటీ తగ్గకుండా ఉన్నాయి.