ఎడమ జేబులో మిగిలిన గింజ

ఆ పొద్దున ఆకాశం కడిగిన చేపపొట్టలా తెల్లగా ఉంది. తూర్పున ఒకటే మబ్బు, అదీ కదలడం లేదు. ఆకు కూడా ఊగని పొద్దు. దూరం పరిగెత్తేవాళ్లకు అంతకంటే మంచిది దొరకదు.

నేను ఒక స్టాప్‌వాచీని. గుప్పిట్లో ఇమిడే గుండ్రటి ఒళ్లు, నెత్తిన ఒక మీట, ముఖం మీద రెండు ముళ్లు. నన్ను ఏ దేశంలో చేశారో నాకే సరిగ్గా తెలియదు. వెనక మూత మీదున్న పేరు జనపనార మిల్లులో చెమట చేతులకు అరిగిపోయింది. ఆ మిల్లులో పద్నాలుగేళ్లు ఉన్నాను. మగ్గం దగ్గర మనిషి ఎన్ని సెకన్లు చెయ్యి ఆపాడో చెప్పడం నా పని. సూపర్‌వైజరు నన్ను బయటికి తీస్తే చాలు, జనానికి దగ్గు కూడా ఆగిపోయేది. నన్ను చూసి నవ్విన ముఖం ఒక్కటీ గుర్తులేదు. మిల్లు మూతపడ్డాక పాత సామాన్ల కొట్లో తాళాల గుత్తుల మధ్య పడి ఉంటే జగ్గునాయుడు మాస్టారు కొనుక్కున్నారు.

ఆయన సముద్రం ఒడ్డునున్న ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. పిల్లలకు కుడి, ఎడమ చెప్పేశాక ఆ రోజుకిక మాటల పని అయిపోయిందనుకునే మనిషి.

ఆ బడిలోనే చోడిపిల్లి నూకరత్నం పదో తరగతి చదివేది. తెల్లారుతూనే తల్లి ఎర్రమ్మతో కలిసి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఆరు మైళ్ల అవతలి సంతకు పోయేది. నడిచి పోతే ఎండెక్కి చేప మెత్తబడుతుంది. అందుకని ఆ పేటలో ఆడవాళ్లు తట్ట తొణక్కుండా పరుగు తీస్తారు. నడుం పైన ఏదీ కదలదు, కాళ్లే పోతుంటాయి. ఒకనాడు మాస్టారు సైకిల్ మీద వాళ్ల వెనకే వెళ్లి నన్ను నొక్కారు. సంతలో దిగి నా ముఖం చూశారు. మళ్లీ చూశారు. చెవి దగ్గర పెట్టుకుని ఆడుతున్నానో లేదో విన్నారు. మనుషులంతే. నచ్చని అంకె చూపిస్తే చెడిపోయావంటారు, మరీ నచ్చింది చూపించినా అదే అనుమానం.

ఆ తర్వాత రెండేళ్లు తడి ఇసుకలో నాలుగు వందల మీటర్ల చుట్టు గీసి ఆ పిల్లను పరిగెత్తించారు. పదివేల మీటర్లంటే పాతిక చుట్లు. మాస్టారు ప్యాంటు ఎడమ జేబులో పాతిక చింతగింజలు వేసుకునేవారు. చుట్టు పూర్తయినప్పుడల్లా ఒక గింజ కుడి జేబులోకి మారేది. ఎడమ జేబు ఖాళీ అయితే నన్ను ఆపేవారు. అంతే, మెచ్చుకోలు లేదు, తిట్టూ లేదు.

అప్పటి రాష్ట్ర రికార్డు ముప్పై అయిదు నిమిషాల ముప్పై ఒక్క సెకన్లు. అది కొడితే నూకరత్నానికి రైల్వేలో ఉద్యోగం వస్తుంది. కొట్టకపోతే నెత్తి మీది తట్ట దిగదు. తట్ట మోసి మోసి ఎర్రమ్మ మెడ అప్పటికే ఒక పక్కకు వాలిపోయింది.

ఆ తెల్లటి ఆకాశం పొద్దునే రాష్ట్ర పోటీలు. తొమ్మిదిమంది పరిగెత్తారు. పది చుట్లు దాటాక నూకరత్నం వెనకపడ్డ పిల్లలను తిరిగి దాటడం మొదలుపెట్టింది. దాంతో ముందెవరో, వెనకెవరో కలిసిపోయారు. చుట్లు రాసే బల్ల దగ్గర ముగ్గురు మనుషులు ఒకరి కాగితంలోకి ఒకరు తొంగి చూసుకుంటున్నారు. అంతలో గంట కొట్టారు. ఇక ఆఖరి చుట్టని అర్థం.

మాస్టారి ఎడమ చెయ్యి జేబులోనే ఆగిపోయింది. అక్కడ ఒక గింజ ఉండాలి. రెండున్నాయి.

ఆయన నోరు తెరిచారు. అలవాటు లేని నోరు, మాట రాలేదు. నూకరత్నం గంట విని గాలిలా పోయింది, చుట్టు తిరిగొచ్చి ఛాతీతో దారం తెంపింది. నన్ను ఆపారు. ముప్పై మూడు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లు. మైదానమంతా లేచి కేకలు పెట్టింది. నేను చెప్పింది నిజమే. ఎన్ని చుట్లకని మాత్రం నన్నెవరూ అడగలేదు.

కప్పు ఇచ్చారు, దండ వేశారు. ఎర్రమ్మ ఆ దండ వాసన చూసి, "సేపల కంపు ఈయేల్టితో వొదిలిందిరా బాబూ!" అని అందరికీ చెబుతోంది. నూకరత్నం మాస్టారి దగ్గరికొచ్చింది.

"ఏటి మాస్టారూ, రికార్డు కొడితే కూడా మాటాడరేటి?"

ఆయన ఎడమ జేబులోంచి గింజ తీసి ఆ పిల్ల అరచేతిలో పెట్టారు. ఆమె గుప్పిట మూసింది.

"ఇరవై నాలుగేనా?"

మాస్టారు తలూపారు.

ఎర్రమ్మకు సంగతి అర్థమై కొంగు నడుముకు చుట్టింది. "గింజ మాట ఇనీసి ఉజ్జోగం ఒగ్గెత్తావేటే? ఇంటికాడే ఒకటి ఎక్కువేసుంటారు మాస్టారు. అంతమంది సదువుకున్నోళ్లు తప్పు రాత్తారా? నోర్మూసుకుని ఇంటికి రా."

"అమ్మా, నువ్వు పాతిక సేపలకి ఒకటి కొసరేత్తావు కదా?"

"ఏత్తాను. అయితే ఏటి?"

"నువ్వు కొసరేత్తావు. నాను ఒకటి తగ్గించీసి పాతిక అనీమంటావేటి?"

ఎర్రమ్మ నడుముకు చుట్టిన కొంగు వదిలేసింది. "నీ సదువు మండిపోనూ" అని గొణిగి, దండను తనే కూతురి మెడలోంచి తీసింది.

నూకరత్నం గింజతో వెళ్లి సంగతి చెబితే, పోటీల డేరాలో పెద్ద అధికారి కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "ఎక్కువ పరిగెత్తించారని గొడవకొచ్చేవాళ్లను చూశాను గానీ, తక్కువ పరిగెత్తానని వచ్చినదానివి నువ్వే అమ్మాయ్! సాక్ష్యం ఏమిటి? చింతగింజా?" అని నవ్వాడు. అయినా కాగితాలు తెప్పించి వేలు పెట్టి లెక్కపెట్టాడు. రెండోసారి లెక్కపెట్టేటప్పటికి నవ్వు లేదు. నూకరత్నం పేరు మీద చుట్టు సమయాలు ఇరవై నాలుగే ఉన్నాయి. ఎర్ర సిరాతో రికార్డు కొట్టేశాడు. బయటికొచ్చాక మాస్టారు ఆ రోజుకు తన మొత్తం మాటలు ఖర్చుపెట్టారు: "రేపు అయిదింటికి ఇసుకలోకి రా."

మర్నాటి నుంచి మళ్లీ తట్ట, మళ్లీ ఇసుక. ఏడాది గడిచాక అదే మైదానం. ఈసారి ఎర్రమ్మ కూడా తన కొంగున పాతిక గింజలు మూటగట్టుకొచ్చింది, ఎవరినీ నమ్మేది లేదని. పాతికో చుట్టుకు నన్ను ఆపితే ముప్పై అయిదు నిమిషాల పన్నెండు సెకన్లు. మాస్టారి ఎడమ జేబు ఖాళీ. కానీ నూకరత్నం ఆగలేదు. మెడకు చుట్టుకున్న దారంతోనే ఇంకో చుట్టు తిరిగొచ్చింది. అధికారులు కంగారుపడి వెంటపడ్డారు.

"ఏటే ఇది!" అన్నారు మాస్టారు.

"కొసరు మాస్టారూ" అంది రొప్పుతూ.

నన్ను చూసి ఒక మనిషి అంతలా నవ్వడం అదే మొదలు. ఆ నవ్విన మనిషి మాస్టారు.

ఆ రికార్డు తొమ్మిదేళ్లు నిలిచింది. ఉద్యోగం వచ్చింది, ఎర్రమ్మ తట్ట అటకెక్కింది. నూకరత్నం దేశంలో చాలా చోట్ల పరిగెత్తింది, ఇంకా మూడు రికార్డులు రాసుకుంది. అక్కడ కాలాన్ని కరెంటు కళ్లు కొలిచేవి. అవి పొరపాటు చెయ్యవట, సంతోషమే. చివరికి మోకాళ్ల నొప్పులు ఆమె పరుగును ఆపేశాయి. దానికి కాస్త ముందు నా స్ప్రింగూ తెగింది. మాస్టారు నన్ను పారెయ్యలేదు. నూకరత్నం ఇంటికి భోజనానికి వెళ్లినప్పుడల్లా జేబులో వేసుకెళ్లి కిటికీ గట్టు మీద పెడతారు. ఎందుకో నేనూ అడగలేదు.

ఆఖరి పోటీ ముగించుకుని ఆమె ఇంటికి వచ్చిన రోజు ముగ్గురూ కింద కూర్చున్నారు. వేడన్నం, చేపల పులుసు. ఎర్రమ్మ చింతపండు సరిగా పిసకదు, గింజలు పడుతూనే ఉంటాయి. మాస్టారి ముద్దలో ఒకటి వచ్చింది. ఆయన దాన్ని కంచానికి ఎడమ అంచున పెట్టారు. నూకరత్నం చూసింది. చెయ్యి చాపి ఆ గింజను కుడి అంచుకు జరిపింది.

ఎర్రమ్మ ఇద్దరి కంచాల్లోకీ ఇంకో ముక్క వేసింది. తిన్నారు.