పంటికొండ

హేమ ఫోను నా చేతికిచ్చి, "సూడు నాన్నా. ఉన్నదున్నట్టు సెప్పు" అంది.

ఉన్నదున్నట్టు చెప్పడం తప్ప నాకు వేరే విద్య రాదు. దానివల్ల ఊళ్ళో నాతో కూర్చునేవాళ్ళు తగ్గిపోయారు. నా భార్య బుల్లమ్మ ఆసుపత్రి వరండాలో డాక్టరు కోసం చూస్తూ చూస్తూ పోయింది. ఆ డాక్టర్ని నేను క్షమించలేదు. ఇప్పుడే వస్తానని వెళ్ళిన నర్సునీ క్షమించలేదు. ఇక నాకు మిగిలింది హేమ ఒక్కతే.

హేమ విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీలో వెబ్‌సైట్లు తయారుచేస్తుంది. అక్కడ బొమ్మలు గీసేవాళ్ళు ఒక వరసలో, కోడు రాసేవాళ్ళు ఇంకో వరసలో కూర్చుంటారట. ఇది రెండూ చేస్తానంటుంది. పైనున్న మురళీమోహన్ గారు ఒప్పుకోలేదు. చివరికి ఒక మాటన్నాడు: మొత్తం నువ్వొక్కదానివే చేసి ఒకటి చూపించు, ఎవరికోసం చేశావో వాళ్ళు పనికొస్తుందంటే నీ ఇష్టప్రకారం చేసుకో, లేకపోతే బొమ్మల వరసలో కూర్చుని మళ్ళీ ఈ ఊసెత్తకు.

"మరి నా దగ్గరికెందుకు?" అన్నాను.

"నువ్వు నా మొహం సూసి మంచిగా సెప్పవు గదా. అందుకే."

అది చేసింది మా పడవల కోసం. భోగాపురం దాటి మా రేవు. మేం చేపలుండే చోటు కొండల్ని బట్టి గుర్తుపడతాం. నీటికింద రాతిగుట్ట ఉంటుంది, దాని చుట్టూ చేప ఉంటుంది. నీటి మీద గుర్తు పెట్టలేం. అందుకని ఒడ్డువైపు చూస్తాం. వెనకున్న పంటికొండ కొన, ముందున్న నల్లకొండ పల్లంలోకి వచ్చి కూర్చోవాలి. పక్కన జీడితోటలో తాటిచెట్లు ఒకదాని వెనక ఒకటి దాక్కోవాలి. అప్పుడు గాలం వేస్తాం. ఏ కుటుంబం గుర్తులు ఆ కుటుంబానివి. మంచు పట్టి కొండలు కనిపించని రోజు వట్టి పడవతో తిరిగి రావాల్సిందే. హేమ చేసిన పేజీలో, పడవ ఎక్కడుంటే అక్కణ్ణించి ఒడ్డు ఎలా కనిపిస్తుందో ఆ బొమ్మ వస్తుందట.

చూశాను. పంటికొండ ముందుంది. నల్లకొండ వెనకుంది. కుడివైపుది ఎడమన, ఎడమది కుడిన.

"ఫొటోలు ఎక్కణ్ణించి తీసినావు?"

"హైవే మీంచి."

"ఇది లారీ డ్రైవరు సూసే కొండ. మాకు పనికిరాదు."

నాతో పడవలో వచ్చే మేనల్లుడు లక్ష్ముడు తొంగిచూసి పడీ పడీ నవ్వాడు. "మరదలా, దీన్ని నమ్ముకుంటే మీ నాన్నా నేనూ ఒడిశాలో తేల్తాం. అక్కడ పెళ్ళి భోజనాలుంటే ముందే సెప్పు, మంచి సొక్కా తెచ్చుకుంటాను."

హేమ నవ్వలేదు. "ఒక్కసారి పడవెక్కించు నాన్నా."

మాలో ఆడవాళ్ళు పడవ ఎక్కరు. బుల్లమ్మ బతికినంతకాలం చేపల గంప మోసింది, పడవలో కాలు పెట్టలేదు. ఈ పిల్ల అలల చప్పుడులో పుట్టింది, నీటి మీంచి తన ఊరు ఎలా ఉంటుందో ఎరగదు.

"నానొప్పను" అన్నాను.

అది రెండోసారి అడగలేదు. "సరే. ఎక్కకుండానే సూస్తాను" అని సంచీ భుజాన వేసుకుని బస్సుకి వెళ్ళిపోయింది.

మళ్ళీ వచ్చేసరికి వానలు వెనకబట్టాయి. కళ్ళకింద నల్లగా ఉంది. ఈసారి ఫొటోల్లేవట. ఉపగ్రహం ఎప్పుడో నేలంతా గళ్ళు గళ్ళుగా కొలిచి, ఏ గడి ఎంత ఎత్తో రాసి పెట్టిందట. ఆ ఎత్తులు తీసుకుని, పడవ ఉన్న చోటునించి ఏ కొండ ఏ కొండ వెనక దాక్కుంటుందో లెక్క కట్టించింది.

"లెక్క నేనే రాసినాను, గీతా నేనే గీసినాను. ఇక్కడ సిగ్నలుండగా తెరిసి ఉంచుకో. నడిసముద్రంలో సిగ్నలు లేకపోయినా పని సేస్తాది."

తెల్లవారుతూ బయల్దేరాం. ఫోనుకి ప్లాస్టిక్ కవరు తొడిగి నా ముందు కట్టుకున్నాను. ఒడ్డు దూరమయ్యేకొద్దీ ఫోనులో కొండలు చిన్నవయ్యాయి. దగ్గరి కొండకి లావు గీత, దూరపు కొండకి సన్న గీత. వేరే రంగుల్లేవు, హంగుల్లేవు. ఎండలో కూడా కనిపిస్తోంది. పడవని ఉత్తరానికి తిప్పాను. ఒడ్డున నల్లకొండ జరిగింది. ఫోనులోనూ జరిగింది. నల్లకొండ భుజం వెనకనించి పంటికొండ మెల్లగా బయటికి వచ్చింది. నా చిన్నప్పుడు మా నాయన నా గడ్డం పట్టుకుని తిప్పి చూపించింది ఇదే. ఇక్కడినించే.

పడవెక్కని పిల్ల దీన్నెలా చూసింది?

లక్ష్ముడు నవ్వడం మానేశాడు. "మావా, దీనికి కళ్ళున్నాయేటి?"

నేను వేరేదాన్ని చూస్తున్నాను. పంటికొండకి ఆ పేరొచ్చింది కొనన ఉండే పన్నులాంటి రాయి వల్ల. ఆ రాయి ఇప్పుడు లేదు. కంకర కోసం పేల్చి పట్టుకుపోయారు. బుల్లమ్మ అన్నయ్య నూకయ్య టిప్పర్లే మోశాయి. అతనితో నాకు మాటల్లేవు, ఉండవు. పన్ను పోయాక మా నాయన చూపించిన రాతిగుట్ట నాకు మళ్ళీ దొరకలేదు. ఎంత వెతికినా గాలం మెత్తటి మట్టికే దిగేది.

ఫోనులో పన్ను ఉంది. నిటారుగా ఉంది.

తల ఎత్తి ఒడ్డు చూశాను. కొండ నెత్తి కోసినట్టు చదునుగా ఉంది. తల దించాను. పన్ను ఉంది.

ఇంజను తగ్గించి ఆ గీత మీదే చూపు పెట్టి నడిపాను. పన్ను కదిలి కదిలి నల్లకొండ పల్లంలోకి వచ్చి కూర్చుంది. తాటిచెట్లని నా కళ్ళతోనే సరిచూసుకున్నాను. గాలం వేశాను. గాలానికి కట్టిన సీసపు గుండు టక్కుమని రాయికి తగిలింది. ఆ తాకిడి తాడు వెంట వేళ్ళలోకి వచ్చింది.

"దొరికిందా మావా?" లక్ష్ముడు గొంతు తగ్గించి అడిగాడు, గుడిలో అడిగినట్టు.

"ఊఁ."

గులివింద చేపలు ఎర్రగా ఒకదాని వెనక ఒకటి పైకొచ్చాయి.

ఒడ్డుకి వచ్చేసరికి హేమ బోర్లించిన తెప్ప మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునుంది. చేపల వైపు చూడలేదు, నా మొహమే చూసింది.

"ఎలాగున్నాది?"

"తప్పున్నాది. పంటికొండకి ఇప్పుడు పన్ను నేదు. నీదాన్లో ఉన్నాది."

హేమ మొహం వాడిపోయింది. "ఆ ఎత్తులు కొలిసింది రెండువేల సంవత్సరంలో. అప్పటికి ఉండుంటాది."

అప్పటికి పన్నుంది. బుల్లమ్మా ఉంది.

"ఆ పన్ను తీసీ మరదలా" అన్నాడు లక్ష్ముడు. "కుర్రోళ్ళు నేని రాయి కోసం ఒడ్డంతా ఎతుక్కుంటారు."

"తీస్తే నాయన సోటు మళ్ళీ పోతాది" అన్నాను.

హేమ కాసేపు గోరు కొరుక్కుంది. "ఇప్పుడు నీటి మీంచి కొండ ఎలాగున్నాదో ఇసకలో గియ్యి నాన్నా."

గీశాను. అది పని మొదలుపెట్టింది. తెర మీద ఒక పక్క గీత, ఒక పక్క అక్షరాలు. గీత చూసి అక్షరం మారుస్తుంది. అక్షరం మారిస్తే గీత కదులుతుంది. పెదవి విరిచి గీతనే ఇంకాస్త పలచన చేస్తుంది. మళ్ళీ అక్షరాల్లోకి పోతుంది. నా చేతిలో వల ఉంది, మడత పెట్టడం మర్చిపోయాను. మా రేవులో వల అల్లినవాడే వల వేస్తాడు. ఎక్కడ చిరుగుతుందో వాడి వేళ్ళకి తెలుసు. ఇది కూడా అదే పనని అప్పటికి అర్థమైంది. కాకపోతే ఈ వలకి కొండలు చిక్కుతున్నాయి.

వల మడతపెట్టేలోపే ఫోను మళ్ళీ నా చేతికిచ్చింది. పంటికొండ లావు గీతలో చదునుగా ఉంది, ఇవాళ ఉన్నట్టే. దాని పైన పన్ను, లేత చుక్కల గీతలో. ఉన్నదీ లేనిదీ కలిసిపోకుండా రెండూ ఉన్నాయి.

అప్పుడే హేమ ఫోనుకి మురళీమోహన్ గారి కాల్ వచ్చింది. హేమ లేచి నిలబడి నాకిచ్చింది.

"ఎర్రన్నగారూ, మొహమాటపడకుండా చెప్పండి. పనికొస్తుందా?"

"ముందు సేసింది పనికిరాలేదు. ఇవాళా ఒక తప్పు దొరికింది. దిద్దినాది."

"ఎవరు దిద్దారు?"

"గీసిందే దిద్దినాది. నాను వల మడతెట్టేలోపు. మీ ఆఫీసులోనైతే ఈ వరసోళ్ళు ఆ వరసోళ్ళకి సెప్పేసరికి నాను ముసిలోణ్ణయిపోదును."

అవతల నవ్వు వినిపించింది. నేను నవ్వించడానికి చెప్పలేదు. "ఒక్క మాటలో చెప్పండి" అన్నాడు.

"రేపు దీన్తోనే ఎల్తాను."

"సరే. ఆవిడ రెండు పనులూ చేసుకోవచ్చు. ఆమెకివ్వండి" అన్నాడు. ఇచ్చాను. హేమ విని, "సరే సార్" అని, ఇసకలో కూలబడి మోకాళ్ళలో మొహం పెట్టుకుంది.

నేను దాని పక్కన చతికిలబడ్డాను. "రేపు బేగి లెగు. నీటి మీంచి సూద్దువు గాని."

లక్ష్ముడు నోరు తెరిచాడు. వాడి వైపు చూశాను. మూసుకున్నాడు.

హేమ తలెత్తింది. "అప్పుడొప్పలేదు గదా నాన్నా. ఇప్పుడక్కర్లేదు. సూసేసినాను."

నా కూతురే. మర్చిపోదు.

మర్నాడు మంచు పట్టింది. ఒడ్డు లేదు, కొండల్లేవు. తెల్లటి గోడలోకి పడవ తోశాం. ఫోనులో నల్లకొండ పల్లంలోకి చుక్కల పన్ను వచ్చి కూర్చుంది. తాటిచెట్లు కనిపించక, అటూ ఇటూ కాస్త తడుముకుని గాలం వదిలాను. తాడు దిగుతున్నంతసేపూ లక్ష్ముడు ఊపిరి బిగబట్టాడు. నేనూ బిగబట్టాను.

టక్కుమంది.