రాబిన్ కోసం రాసిన జాయింట్ నోట్

నా కోపం ఎలాంటిదో మా పేట పూరీ గేట్‌లో ఎవరినడిగినా చెబుతారు. రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్లు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను గానీ, నా నోరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉందని మా ఆవిడ అప్పలనర్సమ్మ అంటుంది. ఆ నోరే నన్ను తీసుకెళ్లి ఇందా అనే పేటలో ఒక కంపెనీ ఆఫీసు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టింది.

మా పక్కింటి స్వర్ణకుమారి కొడుకు రాబిన్ మలేషియాలో ఆ కంపెనీవాళ్ల పామాయిల్ మిల్లులో బాయిలర్ ఆపరేటర్. మార్చిలో ఆ బాయిలర్ పేలింది. ఏడుగురు పోయారు, రాబిన్‌తో కలిపి. పట్టుమని పదిరోజులు కాకుండానే కంపెనీ నివేదిక వచ్చింది. ప్రమాదానికి కారణం ఆపరేటర్ అజాగ్రత్త అట.

పచ్చి అబద్ధం. పేలడానికి రెండు రోజుల ముందు రాబిన్ నాకు ఫోన్లో ఒక ఫొటో పంపాడు. ఆవిరి ఎక్కువైతే తనంతట తాను తెరుచుకోవలసిన సేఫ్టీ వాల్వు అది. దాన్ని ఇనుప తీగతో బిగించి కట్టేశారు. "మావయ్యా, ఇప్పుతానంటే ఇప్పనివ్వట్లేదు, పని ఆగిపోద్దంట" అని కింద రాశాడు. వాడికి అప్రెంటిస్‌గా పని నేర్పినవాణ్ణి నేను. "జాగర్తరా" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

"పోయినోడు ఎలాగూ రాడు అన్నయ్యా," అంది స్వర్ణకుమారి. "గానీ ఆరుగురిని సంపేసినాడని రాసినారు. ఆల ఇంటోల్లందరూ నా బిడ్డని తిట్టుకుంటారు గదా. ఆడి పేరు బాగుపడితే సాలు, నాకింకేటీ వొద్దు."

అందుకని కూర్చున్నాం. ఆవిడా, నేనూ, యూనియన్‌లో నాతో పాటు తిరిగిన జగ్గారావూ, ఇంకో పదిమంది రిటైరైనవాళ్లం. పంతొమ్మిది రోజులు మేనేజరు మమ్మల్ని చూసి బెంగాలీలో బాబాయ్ అన్నట్టు "కాకు, బాగున్నారా?" అని నవ్వుతూ మెట్లెక్కిపోయాడు. ఆ నవ్వు చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. పంతొమ్మిదో రోజు సాయంత్రం ఫొటో పేపరువాళ్లకి ఇస్తున్నామని జగ్గారావు కేకేసి చెప్పాడు. ఇరవయ్యో రోజు నన్నూ జగ్గారావునీ పైకి పిలిచారు.

"ఏం కావాలో చెప్పండి, కాకు," అన్నాడు మేనేజరు.

"జాయింట్ నోట్ కావాలి," అన్నాను.

రైల్వేలో ఏ ప్రమాదం జరిగినా ముందు రాసేది అదే. సంబంధం ఉన్నవాళ్లంతా కలిసి, కారణం ఏమిటి, బాధ్యత ఎవరిది అని ఒకే కాగితం మీద రాసి సంతకాలు పెడతారు. మా ప్రాణాలకి అంతకు మించిన న్యాయం తెలీదు. అదెలా రాయాలో ఆ మేనేజరుకి దగ్గరుండి నేర్పింది కూడా నేనే, చూడండి నా తెలివి!

గంటలో టైపు కొట్టించి ఇచ్చాడు. కారణం: సేఫ్టీ వాల్వు కట్టేసి ఉండడం. ఆపరేటర్ రాబిన్ తప్పు లేదు. ఆ వాక్యం చూడగానే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దాని కింద బాధ్యత అన్నచోట, పొయ్యిలోకి ఇంధనం ఎగదోసే అజ్మన్ అనే అతను ఎవరికీ చెప్పకుండా తీగ కట్టాడని ఉంది. అజ్మన్ కూడా ఆ రోజే పోయాడు. అదీ చదివాను. చదవలేదని బుకాయించను. ఆ గడిలో ఎవరి పేరో ఒకటి ఉండాలి కదా, మావాడిది కాదు, చాలనుకున్నాను. సంతకం పెట్టేశాను. నా వెనకే జగ్గారావూ పెట్టాడు.

కిందికొచ్చి స్వర్ణకుమారికి చదివి వినిపించాను. కొడుకు పేరున్న చోట వేలు పెట్టి చాలాసేపు ఏడ్చింది. తర్వాత ఆ వేలు కిందికి జరిపింది.

"ఇక్కడేటి రాసినారు?"

చెప్పాను.

"అజ్మనా? మా రాబిన్‌కి జరమొస్తే గంజి కాసిచ్చినాడంట అన్నయ్యా. ముగ్గురు ఆడపిల్లలు ఆడికి. ఆడెందుకు కడతాడు తీగ? ఎవుడో కట్టమంటే కట్టుంటాడు."

"మనకెందుకమ్మా? మనోడి మీద నింద పోయింది గదా."

"పోలేదు. మనోడి పేరు తీసి ఆడి పేరు ఎట్టినారు." కాగితం నా ఒళ్లో పెట్టింది. "రేపు ఆ పిల్లలు ఏ ఆఫీసు ముందు కూకోవాలి?"

ఆ పూట తిట్టడానికి నాకు నేను తప్ప ఎవరూ కనబడలేదు. జగ్గారావుని తీసుకుని పైకెళ్లి ఇద్దరి సంతకాలూ కొట్టేయించాను.

"అయితే పాత నివేదికే ఉంటుంది, కాకు. రాబిన్ పేరే ఉంటుంది," అన్నాడు మేనేజరు, ఈసారి నవ్వకుండా.

దిగొచ్చి ఆ మాటే చెప్పాను. "ఉండనీ," అంది స్వర్ణకుమారి. కుర్చీ మాత్రం వదల్లేదు. "మిగిలిన అయిదుగురి పేర్లేటి అన్నయ్యా?" అని అడిగింది.

నేను జగ్గారావు వైపు చూశాను. ఇరవై రోజులు ఆ చావుల గురించి గొంతులు చించుకున్నాం. ఆ అయిదుగురిలో ఒక్కరి పేరూ మాకు తెలీదు.