షాహెద్ పేరున్న చివరి పేజీ

కంపెనీలకు చక్కటి సదుపాయం ఒకటుంది. ఎవరో తిండీ నిద్రా మానుకుని రాసి, అందరూ వాడుకోండని ఊరికే వదిలేసిన కోడ్‌ను తెచ్చి తమ యాప్‌లో పెట్టుకుంటాయి. రాసినవాడి పేరు యాప్ చివరి పేజీలో ఉంచితే చాలు. ఆ పేజీని ఏ నరమానవుడూ తెరవడు.

బార్కస్ బస్తీలో జహీరా తెరుస్తుంది. బస్సుల వేళలు చెప్పే యాప్ అది. ఇల్లు దాటని ఆమెకు దాంతో ఏం పని? రోజూ నమాజ్ అయ్యాక చివరి పేజీకి పోయి, ఇంగ్లీషు అక్షరాల్లో కొడుకు పేరు పోల్చుకుని, వేలు పెదవులకు తాకించి దానిమీద పెడుతుంది. షాహెద్ రెండు రంజాన్ల కిందట గుండె ఆగి పోయాడు. పోయాడన్న మాట ఇంట్లో ఎవరూ అనకూడదు. బయటికి పోయాడనాలి.

ఆ యాప్ కంపెనీలోనే కూతురు ఫరీహా ఉద్యోగం. బయటి కోడ్‌లో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో చూడడం ఆమె పని. లోపం బయటపడి, రాసినవాడు పలకకపోతే ఆ కోడ్ తీసేయాలన్న నియమం ఆమె పెట్టిందే. అప్పటికి అన్న నిక్షేపంగా ఉన్నాడు, ఆమెకేం తెలుసు పాపం!

ఇప్పుడు షాహెద్ కోడ్‌లోనే లోపం బయటపడింది. దొంగలు దూరి జనం ఫోన్ నంబర్లు ఎత్తుకుపోగల లోపం. మనమే బాగుచేసి ఉంచుకుందామని ఫరీహా మేనేజర్ అమరనాథ్‌ను బతిమాలింది. దిక్కులేని కోడ్‌ను ఎన్నాళ్లు సాకుతాం, రాసినవాడికి మెయిల్ పెట్టి చూసి తీసెయ్యి, నీ నియమమే కదా అన్నాడాయన. అతను మా అన్న అని చెప్పబోయి, తలూపి వచ్చేసింది. చచ్చినట్టు అన్నకే మెయిల్ పెట్టింది.

ఇంటికొచ్చేసరికి జహీరా గుమ్మంలో నిలబడి ఉంది, షాహెద్ ఫోన్ పట్టుకుని. దానికి ఇప్పటికీ రోజూ చార్జింగ్ పెడుతుంది.

"ఎవరో వాన్ని అడుగుతున్నరు బేటా. ఏం రాసిన్రో చదువు."

ఫరీహా చదివింది. అన్నీ తన మాటలే. మీ జవాబు కోసం ఎదురుచూస్తున్నాం అని ముగించింది తనే. గుడ్ల నీరు గుడ్లలోనే కుక్కుకుని తల్లికి అంతా చెప్పింది, చివరి పేజీలో ఇక పేరుండదని కూడా.

జహీరా ఫోన్ అద్దాన్ని కొంగుతో తుడిచింది.

"వాడు రాడని రాయి," అంది. "చచ్చిపోయిండని రాయి. వాని పనితోని ఎవరికీ నష్టం గావద్దు."

ఫరీహా అన్న ఫోన్‌లోనే ఆ ముక్క రాసి పంపింది. మరుక్షణం ఆమె సంచిలో సొంత ఫోన్ మోగింది. తీసి చూస్తే షాహెద్ నుంచి మెయిల్. ఫరీహా గడపమీద కూలబడి ఏడ్చింది.

జహీరా వంగి, ఆ ఫోన్‌లో పేరు పోల్చుకుంది. వేలు పెదవులకు తాకించుకుని, దానిమీద పెట్టింది.